బనకచెర్ల దాకా గోదావరి

బనకచెర్ల నంద్యాల జిల్లా పాములపాడు మండలంలోని ఒక చిన్న ఊరు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ గుండా బయల్దేరిన కృష్ణా నీరు పదహారు కిలోమీటర్లు నడిచి ఇక్కడికి చేరుతుంది. క్రాస్ రెగ్యులేటర్ గేట్లు ఆ నీటిని మూడు దారులు పట్టిస్తాయి. ఒక పాయ తెలుగుగంగ కోసం వెలుగోడుకు వెళ్తుంది. ఇంకో పాయ శ్రీశైలం కుడి కాలువ, గాలేరు-నగరి పథకాల కోసం గోరకల్లు వైపు సాగుతుంది. మూడోది నిప్పులవాగు మీదుగా కేసీ కాలువను ఆదుకుంటుంది. రాయలసీమ సాగునీటిలో పెద్ద భాగం, నెల్లూరు ఆయకట్టులో కొంత, చెన్నై నగరపు తాగునీటిలో ఒక భాగం ఈ గేట్ల మీదే ఆధారపడి ఉన్నాయి. 2024 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలవరం–బనకచెర్ల అనుసంధానం అనే కొత్త ప్రతిపాదనను ముందుకు తెచ్చాక, జలవనరుల శాఖ దస్త్రాలకే పరిమితమైన ఈ ఊరి పేరు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాజకీయాల్లో రోజూ వినిపించే మాటైంది.

ప్రతిపాదన సారాంశం ఇది: గోదావరికి వరద వచ్చే రోజుల్లో పోలవరం ప్రాజెక్టు నుంచి రోజుకు రెండు టీఎంసీల చొప్పున వంద రోజులు, మొత్తం 200 టీఎంసీలు మళ్లించాలి. ఆ నీటిని కృష్ణా దాటించి, పల్నాడులో నిల్వ చేసి, నల్లమల కింద సొరంగం గుండా బనకచెర్లకు చేర్చాలి. ఖర్చు అంచనా సుమారు 80 వేల కోట్ల రూపాయలు. కాలువ అనడం మాటవరసకే. అసలు స్వరూపం చూస్తే ఇది కాలువలు, ఎత్తిపోతలు, ఒక పెద్ద జలాశయం, సొరంగాలు కలిసిన గొలుసు.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, అంటే 2,831 కోట్ల లీటర్లు. అది వరికైతే అయిదారు వేల ఎకరాలకు, ఆరుతడి పైర్లకైతే పది వేల ఎకరాలకు సరిపోతుందని ఇంజనీర్ల మోటు లెక్క. సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున, అంటే అన్ని క్యూసెక్కుల ప్రవాహం రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. రోజుకు రెండు టీఎంసీలు తరలించాలంటే 23 వేల క్యూసెక్కులకు పైగా మోసే కాలువ కావాలి. పోలవరం కుడి కాలువ సామర్థ్యం ఇప్పుడు 17,500 క్యూసెక్కులు. దాన్ని రెట్టింపుకు పైగా వెడల్పు చేయాలన్నది ప్రతిపాదనలో తొలి అంకం.

నికరం, మిగులు, వరద

నీటి పంపకం వివాదాలు తెలియని పాఠకుడికి వింతగా తోచే సంగతి ఒకటుంది. నదిలో పారే నీరు కంటికి ఒకటే, చట్టానికి మాత్రం అందులో రకాలున్నాయి. వందేళ్లలో డెబ్బై అయిదేళ్లు ఖాయంగా వచ్చే నీటిని 75 శాతం విశ్వసనీయత గల నీరు అంటారు. వాడుకలో దాని పేరు నికర జలాలు. ట్రైబ్యునళ్లు మామూలుగా పంచేది దీన్నే. బాగా వానలు కురిసిన ఏడు ఆ పైన వచ్చేవి మిగులు జలాలు. వరద జలాలు అన్న మాట రాజకీయ ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది కానీ, దానికంటూ వేరే వాటా ఏ తీర్పులోనూ రాసి లేదు. పోలవరం–బనకచెర్ల వివాదమంతా ఈ ఖాళీలోనే పుట్టింది.

రాజ్యాంగం నీటిని రాష్ట్రాల జాబితాలో 17వ అంశంగా చేర్చింది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను కేంద్ర జాబితాలో 56వ అంశంగా ఉంచింది. రాష్ట్రాల మధ్య తగాదా వస్తే 262వ అధికరణం, దాని ఆధారంగా వచ్చిన 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం దారి చూపుతాయి. కేంద్రం ట్రైబ్యునల్‌ను నియమిస్తుంది. దాని తీర్పు గెజిట్‌లో అచ్చయితే సుప్రీంకోర్టు డిక్రీతో సమానం. ట్రైబ్యునల్‌కు అప్పగించిన వివాదంలో కోర్టులు తలదూర్చకూడదని చట్టం చెప్తున్నా, ఏదో ఒక దారిన ప్రతి తగాదా సుప్రీంకోర్టు మెట్లెక్కుతూనే ఉంది.

కృష్ణా, గోదావరి నదులు రెండింటికీ 1969లో జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతనే ట్రైబ్యునళ్లు ఏర్పడ్డాయి. న్యాయమూర్తి ఒకరే అయినా తీర్పుల స్వభావం వేరు. కృష్ణాలో 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలు ఉంటాయని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచారు. పొలాల నుంచి తిరిగి నదిలో కలిసే నీటిని కూడా లెక్కేశాక అవి 585, 734, 811 అయ్యాయి. ఆ పైన వచ్చే మిగులును చిట్టచివరి రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు, అయితే దాని మీద హక్కు మాత్రం పుట్టదు అని తీర్పులో రాశారు. ఈ ‘వాడుకోవచ్చు, హక్కు కాదు’ అన్న షరతును అందరూ గుర్తు పెట్టుకుని ఉంటే ఆ తర్వాతి చరిత్ర కొంత వేరుగా ఉండేది.

తెలుగుగంగ, గాలేరు-నగరి, హంద్రీ-నీవా, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకాలు మిగులు జలాల భరోసాతోనే మొదలయ్యాయి. వేల కోట్లు ఖర్చయ్యాయి, కాలువలు పారాయి, ఊళ్లు ఆశ పెట్టుకున్నాయి. 2004లో ఏర్పడ్డ జస్టిస్ బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2010 డిసెంబరు 30న తీర్పు చెప్తూ ఆ మిగులును కూడా మూడు రాష్ట్రాలకూ పంచేసింది. 2013లో సవరించిన లెక్క ప్రకారం మహారాష్ట్రకు 666, కర్ణాటకకు 907, ఆంధ్రప్రదేశ్‌కు 1,005 టీఎంసీలు దక్కుతాయి. కర్ణాటకలోని ఆల్మట్టి డ్యాం ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుకోవడానికి కూడా అనుమతి దొరికింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు వల్ల ఆ తీర్పు గెజిట్‌కు ఎక్కలేదు. కానీ హక్కు లేని నీటి మీద కట్టిన ప్రాజెక్టు ఎంత బలహీనమైనదో రాయలసీమకు, పాలమూరుకు అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు గోదావరి వరద నీటితో అదే దారి పడుతున్నారన్నది ఈ ప్రతిపాదన మీద వేయదగిన మొదటి ప్రశ్న. దీనికి ఇంతవరకు సూటి జవాబు రాలేదు.

ఇక గోదావరి తీర్పు 1980 జులై 7న వచ్చింది. అందులో ట్రైబ్యునల్ సొంతంగా పంచింది తక్కువ. అయిదు రాష్ట్రాలు అంతకుముందే తమలో తాము చేసుకున్న ఒప్పందాలకు అది ముద్ర వేసింది. పైఠాన్, సిద్ధేశ్వర్ డ్యాముల పైనున్న నీరంతా మహారాష్ట్రది, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు ఇంత ఇవతలి వారిది అని నదిని ముక్కలుగా చూసి రాసుకున్న పంపకమది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇన్ని టీఎంసీలు అని కృష్ణాలో లాగా ఒక అంకె అందులో లేదు. 1,486 టీఎంసీలు అన్నది ఉమ్మడి రాష్ట్రంలో ప్రాజెక్టులవారీగా వేసుకున్న లెక్క. అందులో 968 తమవని, 518 ఆంధ్రప్రదేశ్‌వని తెలంగాణ అంటుంది. ఆంధ్రప్రదేశ్ ఆ విభజనను ఒప్పుకోదు. గోదావరిని రెండు రాష్ట్రాల మధ్య పంచిన ట్రైబ్యునల్ లేదు.

ఎనభై టీఎంసీల కథ

గోదావరి నీరు కృష్ణాకు రావడం కొత్త ఆలోచన కాదు. 1978 ఆగస్టు 4న ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఒక ఒప్పందం చేసుకున్నాయి. పోలవరం నుంచి 80 టీఎంసీలు విజయవాడ ఆనకట్ట ఎగువకు తెస్తే, కృష్ణా డెల్టా కోసం నాగార్జునసాగర్ నుంచి వదలాల్సిన నీరు అంత మేర మిగులుతుంది. ఆ మిగిలిన నీటిని సాగర్‌కు ఎగువన వాడుకోవచ్చు. అందులో 45 టీఎంసీలు ఆంధ్రప్రదేశ్‌కు, 35 టీఎంసీలు ఎగువ రాష్ట్రాలకు. ఆ 35లో కర్ణాటకది 21, మహారాష్ట్రది 14. ఒక నది నీటిని మళ్లించి, దానికి బదులుగా మరో నదిలో హక్కులు సర్దిన తెలివైన ఏర్పాటిది.

ఇందులో రెండు మెలికలున్నాయి. పోలవరానికి కేంద్ర జల సంఘం అనుమతి వచ్చిన నాటి నుంచే, నీరు నిజంగా మళ్లినా మళ్లకపోయినా, ఎగువ రాష్ట్రాలకు ఆ వాటా దఖలు పడుతుంది. 75 శాతం విశ్వసనీయతతో 80కి మించి మళ్లిస్తే, అదనపు నీటిలో కూడా అదే నిష్పత్తిలో వాటా ఇవ్వాలి. ఈ రెండో మెలికే బనకచెర్లకు అడ్డుపడేది. కొత్తగా మళ్లించే 200 టీఎంసీలకు ఈ నిష్పత్తి వర్తిస్తే కర్ణాటకకు 52.5, మహారాష్ట్రకు 35 టీఎంసీలు కృష్ణాలో వదులుకోవాలి. వానాకాలపు వరద నీటికి 75 శాతం విశ్వసనీయత ఎక్కడిదని, పైగా ఆ నీరు సాగర్ విడుదలలకు బదులు కాదని ఆంధ్రప్రదేశ్ వాదించడానికి వీలుంది. కానీ ఏటా వంద రోజులు 200 టీఎంసీలు ఖాయంగా వస్తాయని నమ్మితేనే 80 వేల కోట్లు పెట్టడానికి అర్థం ఉంటుంది. ఖాయంగా వచ్చేదైతే ఎగువవాళ్లు వాటా అడుగుతారు. ఖాయం కాదంటే అప్పిచ్చేవాళ్లు వెనకాడతారు. ఈ ఇరకాటం నుంచి బయటపడే వాదన ఏదీ ప్రతిపాదనలో కనిపించదు.

దారి, ఎత్తు, కరెంటు

పోలవరం కుడి కాలువ పశ్చిమ గోదావరి మెట్ట, నూజివీడు పరిసరాల మీదుగా దాదాపు 175 కిలోమీటర్లు ప్రయాణించి విజయవాడ ఎగువన కృష్ణాలో కలుస్తుంది. పోలవరం పూర్తి కాకముందే 2015లో పట్టిసీమ దగ్గర 24 పంపులతో గోదావరి నీటిని ఈ కాలువలోకి ఎత్తిపోసి ప్రకాశం బ్యారేజీకి తెచ్చారు. గోదావరి నీటిని కృష్ణా డెల్టా రైతు మొదటిసారి చూసింది అప్పుడే. ఆ అనుభవమే కొత్త ప్రతిపాదనకు ధైర్యమిచ్చింది. అయితే పట్టిసీమ దారిలో ఒకసారి ఎత్తిపోస్తే చాలు, తర్వాత నీరు పల్లానికే పోతుంది. బనకచెర్ల సంగతి అలా కాదు.

ప్రకాశం బ్యారేజీలో నీటిమట్టం 57 అడుగులు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, బనకచెర్లకు నీరు పారేది దానికి కొంచెం కిందనుంచి. కృష్ణా ఒడ్డు నుంచి లెక్కిస్తే నీటిని ఏడు వందల అడుగుల పైచిలుకు ఎత్తుకు, అంటే రెండు వందల మీటర్లకు పైగా లేపాలి. అంచెలంచెలుగా ఎత్తిపోసి, సాగర్ కుడి కాలువ ప్రాంతం మీదుగా పల్నాడు జిల్లా బొల్లాపల్లి దగ్గర 150 టీఎంసీలకు అటూ ఇటూగా నిల్వ చేసే జలాశయంలో నింపుతారు. శ్రీశైలం పూర్తి సామర్థ్యం 215 టీఎంసీలు, పోలవరానిది 194. బొల్లాపల్లి ఎంత పెద్దదో ఈ అంకెలే చెప్తాయి. అక్కడి నుంచి నల్లమల కింద సొరంగం.

ఒక టీఎంసీ నీటిని రెండు వందల మీటర్లు లేపడానికి బడి పిల్లల భౌతికశాస్త్రం ప్రకారమే కోటిన్నర యూనిట్ల కరెంటు కావాలి. పంపుల్లో, మోటార్లలో, గొట్టాల్లో పోయే నష్టం కలిపితే రెండు కోట్లకు చేరుతుంది. రెండు వందల టీఎంసీలకు నాలుగు వందల కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఆరు రూపాయలు వేసుకున్నా ఏటా 2,400 కోట్లు. ఇది వడ్డీ కాదు, కట్టుబడి కాదు, నీరు పారిన ప్రతి ఏడూ కట్టాల్సిన బిల్లు. పైగా అంత కరెంటు వానాకాలంలోని ఆ వంద రోజుల్లోనే కావాలి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకాన్ని నడిపిన తెలంగాణకు ఈ లెక్క స్వానుభవం. ఆ ప్రాజెక్టులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగినప్పుడు జనం కట్టుబడి నాణ్యత గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారు. ఎత్తిపోతల కరెంటు ఖర్చు మీద జరగాల్సినంత చర్చ అప్పుడూ జరగలేదు.

ప్రభుత్వం చెప్పిన ప్రకారం ఈ పథకంతో దాదాపు ఏడున్నర లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు వస్తుంది, సుమారు 22.5 లక్షల ఎకరాల పాత ఆయకట్టు స్థిరపడుతుంది, 80 లక్షల మందికి తాగునీరు అందుతుంది. కొత్త ఆయకట్టు మీదే ఖర్చంతా వేస్తే ఎకరానికి పది లక్షల రూపాయలు దాటుతుంది. పాత, కొత్త కలిపి భాగిస్తే రెండున్నర లక్షలు పైన. స్థిరీకరణ అన్న మాటను మన నీటిపారుదల పత్రాల్లో చాలా ఉదారంగా వాడతారు. కేసీ కాలువ కింద రెండో పంటకు నీరందని ఎకరా, తెలుగుగంగ కింద ఏనాడూ తడవని ఎకరా అందులో ఒకే వరుసలో కూర్చుంటాయి.

ఎవరి మాట ఏమిటి

ఆంధ్రప్రదేశ్ వాదన వినడానికి సులువు. ఏటా సగటున మూడు వేల టీఎంసీలు ధవళేశ్వరం దాటి సముద్రంలో కలుస్తున్నాయి. అందులో రెండు వందలు తీసుకుంటే ఎవరికి నష్టం? గోదావరికి తెలుగు నేలే చివరి మజిలీ. ఆంధ్రప్రదేశ్ దాటాక నీరడిగేవారు లేరు. తమ వాటా నీటిని పరీవాహకం వెలుపలికి మళ్లించుకునే వెసులుబాటును తీర్పు ఏ రాష్ట్రానికీ కాదనలేదు. పైగా రాయలసీమకు కృష్ణా నీటిలో ప్రాధాన్యం ఇస్తామని 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా నాయకులు రాసిచ్చారు. ఆ మాట ఎంతవరకు నిలబడిందో అనంతపురం, కడప మెట్ట పొలాలను చూస్తే తెలుస్తుంది. రాయలసీమ గొంతుకను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

తెలంగాణ అభ్యంతరాలు అనేకం. వాటిలో బలమైనవీ ఉన్నాయి, రాజకీయ అవసరం కోసం పుట్టినవీ ఉన్నాయి. బలమైనది చట్టానికి సంబంధించింది. 2014 నాటి విభజన చట్టం ప్రకారం కృష్ణా, గోదావరి మీద కొత్త ప్రాజెక్టు కట్టాలంటే సంబంధిత నదీ యాజమాన్య బోర్డు పరిశీలించాలి, కేంద్రమంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు ఉండే అత్యున్నత మండలి ఒప్పుకోవాలి. ఆ మండలి 2016 సెప్టెంబరులో ఒకసారి, 2020 అక్టోబరులో ఒకసారి కూర్చుంది. బనకచెర్ల దాని ముందుకు రాలేదు. పోలవరానికి జాతీయ హోదా ఇచ్చిన చట్టంలో ఉన్నది పాత పోలవరమే కానీ 200 టీఎంసీల మళ్లింపు కాదన్నది మరో అంశం. తమ సీతారామ, సమ్మక్క సాగర్ వంటి పథకాలకు పూర్తి అనుమతులు రాకముందే ఆంధ్రప్రదేశ్ వాడకం మొదలుపెడితే, రేపు ఏ ట్రైబ్యునల్ వచ్చినా ఆ వాడకానికి రక్షణ ఇస్తుందన్న భయం కూడా ఉంది. ఇది ఉత్త భయం కాదు. నడుస్తున్న ప్రాజెక్టులను కాపాడటం బచావత్ తీర్పుకు పునాది సూత్రం. కృష్ణా డెల్టాకు, కేసీ కాలువకు నీరు ఖాయమైంది అవి అప్పటికే పారుతున్నందువల్లే. తవ్విన కాలువే కాలక్రమంలో హక్కుపత్రం అవుతుందని ఈ దేశపు నీటి చరిత్రలో ఎగువవాళ్లకూ దిగువవాళ్లకూ తెలుసు.

ఆంధ్రప్రదేశ్ తిరిగి అడిగేదీ వినాలి. కాళేశ్వరం, పాలమూరు-రంగారెడ్డి పథకాలు రాష్ట్ర విభజన తర్వాత రూపు మార్చుకున్నవి కావా? వాటికి అత్యున్నత మండలి అనుమతి ఉందా? ఈ ప్రశ్నకు తెలంగాణ ఇచ్చే జవాబు, అవి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆలోచనలే అన్నది. రెండు రాష్ట్రాలు తమ పథకం పాతదని, ఎదుటివారిది కొత్తదని రుజువు చేయడానికి పడుతున్న పాట్లు చూస్తే కాస్త నవ్వు కూడా వస్తుంది.

పోలవరం వెనుక నీరు కూడా తగాదాలో భాగమే. పూర్తి నీటిమట్టం 150 అడుగుల వరకు నింపితే కిన్నెరసాని, ముర్రేడువాగు వంటి ఉపనదుల నీరు గోదావరిలో కలవలేక వెనక్కి తన్నుతుందని, భద్రాచలం పరిసరాలు మునుగుతాయని తెలంగాణ అంటోంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు తాకింది. అక్కడి జనానికి ఈ అంకెలు కంఠతా వచ్చు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ తమ భూభాగంలో ముంపు గురించి సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి.

నేల మీద జరిగేది

గోదావరి మిగులు అన్నప్పుడు ఆ మాట ఏ నెలకు వర్తిస్తుందో చెప్పాలి. జులై నుంచి అక్టోబరు వరకు నది పొంగి పొర్లుతుంది. దాళ్వా వచ్చేసరికి అదే గోదావరి డెల్టా సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటికోసం ఎదురుచూస్తుంది. నీరు చాలని ఏడు కాలువలకు వంతులవారీ పెడతారు. ఏడాది మొత్తానికి సగటు తీసి మూడు వేల టీఎంసీలు వృథా అనడం, జీతం వచ్చిన రోజు చూసి నెలంతా ధనవంతుడని అనుకోవడం లాంటిది. వరద నీటినే తీసుకుంటామని ప్రతిపాదన చెప్తోంది కాబట్టి ఆ అభ్యంతరం కొంత తగ్గుతుంది. కానీ వరద రోజులు ఎన్ని, వాటిలో కృష్ణాకు కూడా వరద ఉండే రోజులు ఎన్ని? రెండు నదులకూ నైరుతి రుతుపవనమే ఆధారం. శ్రీశైలం గేట్లెత్తిన వారంలోనే గోదావరిలో వరద రావడం మామూలు. ఆ రోజుల్లో పోతిరెడ్డిపాడు నుంచే పల్లానికి నీరు దొరుకుతుంటే, కరెంటు ఖర్చు పెట్టి గోదావరి నీరు పైకి లాగడం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. దానికి బొల్లాపల్లి నిల్వే జవాబు. అందుకే ఈ పథకంలో అన్నిటికన్నా కీలకం కాలువ కాదు, ఆ జలాశయం.

బొల్లాపల్లి అటవీ భూమి ఎక్కువున్న మెట్ట ప్రాంతం. ముంపు భూమి, కాలువల కింద పోయే భూమి, తోలిపోసిన మట్టి గుట్టలు, వీటి భారం పల్నాడు, ప్రకాశం, నంద్యాల పల్లెల మీద పడుతుంది. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉన్నాయి. సొరంగం కింద నుంచి పోతుంది కాబట్టి అడవికి ఏమీ కాదనేది సగం నిజం. సొరంగానికి ద్వారాలు, మట్టి బయటికి తీసే దారులు, రోడ్లు కావాలి. వెలిగొండ జంట సొరంగాలు తవ్వడానికి ఎన్నేళ్లు పట్టిందో మార్కాపురం ప్రాంతానికి బాగా తెలుసు.

అసలు పోలవరమే ముగియలేదు. వరదలకు దెబ్బతిన్న డయాఫ్రం వాల్‌కు బదులు కొత్తది కట్టడం 2025 జనవరిలో మొదలైంది. తొలి దశలో 41.15 మీటర్ల వరకే నీరు నిలపడానికి కేంద్రం నిధులు ఒప్పుకుంది. ప్రాజెక్టు వల్ల ఇల్లూ ఊరూ వదలాల్సిన కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. వారిలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. వీరి పునరావాసం ఏళ్లుగా నిధుల కోసం ఆగుతూ సాగుతూ వస్తోంది. 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నీరు నిలపాలంటే ఇంకా పెద్ద సంఖ్యలో ఊళ్లు ఖాళీ కావాలి. కింద ఉన్న కాలువకు రెట్టింపు పని చెప్పే ముందు పైనున్న ఈ జనం లెక్క తేలాలని చెప్పడం ప్రాజెక్టును వ్యతిరేకించడం కాదు.

సముద్రంలో కలిసే నీరు వృథా అన్న నమ్మకం కూడా ఒకసారి తిరగేసి చూడదగింది. గోదావరి వరద ఒండ్రు మోసుకొస్తుంది. ఆ ఒండ్రు మీదే డెల్టా నిలబడింది. ఎగువ డ్యాములు ఒండ్రును పట్టేశాక తీరం కోతకు గురవుతోందని పరిశోధకులు గమనించారు. కోరంగి మడ అడవులు మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట బతుకుతాయి. వానాకాలంలో ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి నదిలోకి వచ్చే పులస, యానాం, రావులపాలెం మార్కెట్లలో ఏ ధర పలుకుతుందో తెలియనివారు తక్కువ. రెండు వందల టీఎంసీలు తీసినంత మాత్రాన ఇవన్నీ పోతాయని చెప్పడం అతిశయోక్తి. మూడు వేలలో అది పదిహేనో వంతు. కానీ ఎగువన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ కూడా తమ తమ వాటాలు పూర్తిగా వాడుకునే రోజుకు ఈ మూడు వేలు ఎంతవుతుందో లెక్క కట్టకుండా ‘మిగులు’ అంకె మీద అర్ధ శతాబ్దం పాటు నిలవాల్సిన కాలువను తవ్వకూడదు. ఛత్తీస్‌గఢ్ వాడుకోని ఇంద్రావతి నీటిని లెక్కలోకి తీసుకుని కేంద్రం రూపొందించిన గోదావరి–కావేరి అనుసంధానం కూడా ఆ రాష్ట్రం ఒప్పుకోక అక్కడే ఆగింది.

లాభం వైపు చూస్తే, రాయలసీమకు తాగునీటి భరోసా నిజమైన లాభం. ఏడాదికి అయిదు వందల మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లాల్లో శ్రీశైలం నిండని ఏడు ఊళ్లకు ట్యాంకర్లే గతి. బొల్లాపల్లిలో నిలవున్న నీరు అలాంటి ఏడు పనికొస్తుంది. ఆ అవసరానికి 200 టీఎంసీలు అక్కర్లేదు. అందులో పదో వంతుతో తాగునీరు, చెట్ల తోటల తడులు గట్టెక్కుతాయి. చిన్న ప్రతిపాదనకు ఎగువ రాష్ట్రాల అభ్యంతరం కూడా చిన్నదవుతుంది. కానీ చిన్న ప్రతిపాదనలు శంకుస్థాపన సభలకు సరిపోవు.

2025 నాటి స్థితి

2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ఈ ప్రతిపాదనను వెనక్కి పంపింది. గోదావరి ట్రైబ్యునల్ తీర్పుకు ఇది విరుద్ధమన్న ఫిర్యాదులు వచ్చాయని, ముందు కేంద్ర జల సంఘాన్ని సంప్రదించి నీటి లభ్యత, అంతర్రాష్ట్ర అంశాలు తేల్చుకోవాలని సూచించింది. జులై 16న ఢిల్లీలో కేంద్ర జలశక్తి మంత్రి ఇద్దరు ముఖ్యమంత్రులనూ కూర్చోబెట్టారు. కృష్ణా నుంచి నీరు తీసే చోట్లన్నిటా టెలిమెట్రీ యంత్రాలు పెట్టడానికి, శ్రీశైలం మరమ్మతులకు, కృష్ణా బోర్డు ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి బోర్డు తెలంగాణలో ఉండటానికి, మిగతా అంశాలను నిపుణుల కమిటీకి అప్పగించడానికి అంగీకారం కుదిరింది. టెలిమెట్రీ అంటే ఎవరు ఎంత నీరు తీస్తున్నారో ఎప్పటికప్పుడు కొలిచి చెప్పే ఏర్పాటు. రాష్ట్రం విడిపోయిన పదకొండేళ్లకు నీటిని కొలుద్దామన్న మాటకు ఇద్దరూ తలూపారు.

కృష్ణాలో ఉమ్మడి రాష్ట్రపు 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 చొప్పున వాడుకోవాలన్న 2015 నాటి తాత్కాలిక సర్దుబాటును తెలంగాణ ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. ఈ పంపకాన్ని కేంద్రం 2023 అక్టోబరులో కొత్త విధివిధానాలతో బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కే అప్పగించింది. పోలవరం మళ్లింపు వల్ల దక్కే 45 టీఎంసీలు సాగర్ ఎగువవి కాబట్టి తమవేనంటూ తెలంగాణ వాటిని పాలమూరు-రంగారెడ్డికి కేటాయించుకుంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని సవాలు చేస్తోంది. కొత్త 200 టీఎంసీల పంపకం మొదలయ్యే ముందు, 1978లో కాగితం మీద పెట్టిన ఆ 45 టీఎంసీలు ఎవరివో ఇంకా తేలాల్సే ఉంది.